పుణ్యవతి ఇచ్చిన పసరు

పాత్రపూర్ దాటి దక్షిణంగా బండితోవలో వెళ్తే కొండ వారన ఒక చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరికీ ఒక పేరుంది గాని, బరంపురం నుంచి వచ్చేవాళ్ళకి ఆ పేరుతో పని ఉండేది కాదు. "కామెర్ల పుణ్యవతమ్మ ఉండే ఊరు ఎటు?" అని అడిగితే చాలు, పొలంలో ఉన్న ఒడియా రైతైనా, తెలుగు కూలీ అయినా పని ఆపి చెయ్యి చాపి చూపించేవాడు.

పుణ్యవతి పొడవుగా, ఎముకలు తేలినట్టు ఉండేది. గొంతు పెద్దది. భర్త వైకుంఠరావుకి కొద్దిపాటి వరిచేను, మెట్ట మీద రాగులు పండే చోడి చేను ఉన్నాయి. ఇంటి పేరు ఊళ్ళు దాటింది మాత్రం ఆ చేలవల్ల కాదు, అత్తగారు పోతూ పోతూ కోడలి చెవిలో చెప్పి వెళ్ళిన పసరు మందువల్ల. కళ్ళు పచ్చబడినవాళ్ళు తెల్లవారకుండానే పరగడుపున వచ్చి వాకిట్లో కూర్చునేవారు. పుణ్యవతి వాళ్ళ కంటి రెప్ప కిందికి లాగి చూసి, గోళ్ళు చూసి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. ఆకు నూరి, వాము, జీలకర్ర కలిపి, గుడ్డలో వేసి పిండి, మజ్జిగలో కలిపి తెచ్చేది. అలా మూడు పూటలు. దాంతోపాటు పథ్యం. ఉప్పు లేదు, పులుపు లేదు, నూనె లేదు, ఎండు చేప వాసన కూడా తగలకూడదు.

డబ్బు ముట్టేది కాదు. తగ్గినవాళ్ళు గుమ్మడికాయో, కొత్త కోకో తెచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళేవారు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో ఆమెకి ముందు వరసలో పీట వేసేవారు. తగ్గనివాళ్ళూ ఉండేవారు. ఒకరిద్దరు పోయారు కూడా. అప్పుడు ఆమె ఒకటే మాట అనేది: "పత్తెం తప్పేరు." ఆ మాటకి ఎదురు చెప్పినవాడు లేడు. ఇంట్లో ఎవరు ఏం తినిపించారో అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఏడుస్తూ వెళ్ళిపోయేవారు. ఆమె ఆ మాట తప్పించుకోడానికి అనలేదు. నిజమని నమ్మే అనేది.

గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో చేరి నాలుగైదేళ్ళయింది. దూరదేశాల్లో యుద్ధం మొదలైంది. ఆ ఎండాకాలం బరంపురం నుంచి ధర్మలింగం అనే షావుకారు పుణ్యవతి కోసం గూడుబండి పంపించాడు. ఆయనది గోసాని నువాగాం పేటలో మేడ ఇల్లు. కొండ పసుపు, చింతపండు టోకున కొని రైలు మీద పంపే వ్యాపారం. ఒక్కడే కొడుకు, శ్యామసుందర్. కాలేజీలో చదువుతున్నాడు. వాడికి కళ్ళు కాస్త పచ్చబడ్డాయి, అన్నం సయించడం లేదు. అంతకు మించి ఏమీ లేదు. తల్లి కామాక్షి భయపడి, ఊరంతా చెప్పుకునే ఆ మందే కావాలని పట్టుబట్టింది.

పుణ్యవతి అంతవరకూ సొంతవాళ్ళకి తప్ప ఎవరింటికీ వెళ్ళి మందు ఇవ్వలేదు. మేడ ఇంటివాళ్ళు బండి కట్టి పిలిస్తే మాత్రం కాదనలేకపోయింది. నిజం చెప్పాలంటే, కాదనాలని ఆమెకి అనిపించలేదు. పెట్టెలోంచి మంచి కోక తీసి కట్టుకుని, ఆకు మూట ఒళ్ళో పెట్టుకుని బండెక్కింది.

మొదటి పూట బాగానే గడిచింది. రెండో పూట పసరు తాగిన సాయంత్రం శ్యామసుందర్ నడుం నొప్పి అన్నాడు. జ్వరం తగిలింది. మర్నాడు తెల్లారేసరికి మూత్రం మరిగిన కషాయంలా నల్లగా దిగింది. పెదాలు సున్నం కొట్టినట్టు పాలిపోయాయి. కళ్ళ పచ్చదనం తగ్గకపోగా మునుపటికన్నా చిక్కబడింది. మంచం మీంచి లేవబోయి తూలి పడ్డాడు.

కామాక్షి లబోదిబోమంది. పుణ్యవతి వచ్చి చూసింది. కంటి రెప్ప రెండుసార్లు లాగి చూసుకుంది. అయినా నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"ఏటి పెట్టేరు బాబుకి? ఉప్పు తగిలిందా, పులుపు తగిలిందా? నిజం సెప్పండి. మందు కాడ అబద్దం సెల్లదు."

"ఏటీ పెట్టలేదమ్మా! నీ పాదాల మీద ఒట్టు. నువ్వు సెప్పిన మజ్జిగన్నం తప్ప మెతుకు మార్చలేదు."

"మార్చకపోతే ఇలగెందుకవుద్ది? కన్నతల్లి మనసు ఆగదు. గుంటడు అడిగితే ఏదో పెట్టీసుంటావు. మూడో పూట పడనీ, అదే దిగిపోద్ది."

కామాక్షి గోడకి ఆనుకుంది. భర్త తనవైపు చూసిన చూపుకి ఆమె ఇంకా కుంచించుకుపోయింది. మూడో పూట పసరు పిండి గిన్నెలో సిద్ధంగా ఉంది కూడా. శ్యామసుందర్ అది నోటి దాకా తీసుకుని వాంతి చేసుకున్నాడు. ధర్మలింగం ఇక ఆగలేదు. కొడుకుని జట్కాలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు. వెళ్తూ, "నువ్వూ రా అమ్మా. ఏం మందిచ్చావో డాక్టరు అడుగుతాడు," అన్నాడు.

డాక్టరు వెంకటరమణమూర్తి విశాఖపట్నంలో చదివినవాడు. నెమ్మది మనిషి. కుర్రవాణ్ణి చూశాడు, సీసాలో పట్టిన మూత్రం వెలుతురుకి ఎత్తి చూశాడు, వేలు పొడిచి నెత్తురు చుక్క తీసుకుని లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి బయటికి వచ్చి వరండాలో కూర్చున్న పుణ్యవతిని లోపలికి పిలిచాడు.

"ఏ ఆకు ఇచ్చారమ్మా?"

"పేరు సెప్పకూడదు బాబూ. మా అత్త ఆన. సెప్తే గుణం పోద్ది."

"పిల్లవాడి ప్రాణం మీదికి వచ్చింది."

ఆమె తల దించుకుంది, పేరు మాత్రం చెప్పలేదు. తరవాత ఎన్నోసార్లు ఈ ఘడియ గుర్తొచ్చి పుణ్యవతి తనలో తాను చితికిపోయేది. పక్కగదిలో ఒకరి కొడుకు మూలుగుతున్నాడు, తను మాత్రం మందుకి గుణం పోతుందేమోనని చూసుకుంది. ఆ రోజు ఆమె చెప్పనక్కర్లేకపోయింది. డాక్టరు ఆమె కుడిచేతి వేళ్ళవైపు చూశాడు. చివర్లు ఎర్రగా ఉన్నాయి, గోళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"గోరింటాకు. అంతేనా?" అన్నాడు.

ఆమె తల ఊపింది.

ఆయన కోప్పడలేదు. బల్ల మీద ఉన్న మైక్రోస్కోపు దగ్గరికి రమ్మని, ఒక కన్ను మూసి ఇంకో కంటితో చూడమన్నాడు. మొదట ఆమెకి తన కనురెప్పే కనిపించింది. తరవాత తేటపడింది. గుండ్రటి పల్చటి బిళ్ళలు, ఒకదాని పక్కన ఒకటి, లెక్కలేనన్ని. చాలావాటి అంచున ఊదా రంగు చుక్క, ఆవగింజ అంటుకున్నట్టు.

"అది ఆ అబ్బాయి నెత్తురు. చుక్కలు తెలియడానికి రంగు వేశాను. మంచి నెత్తురులో ఆ చుక్కలుండవు."

"ఏటి బాబూ అవి?"

"గోరింటాకు పెడితే చెయ్యి పండుతుంది కదా. ఎందుకు పండుతుంది? ఆకులో ఒక రంగు పదార్థం ఉంది. రసాయనం చదివినవాళ్ళు దాన్ని క్వినోన్ జాతిలో చేరుస్తారు. అది చర్మాన్ని పట్టుకుంటే వదలదు, అందుకే కడిగినా పోదు. చేతికైతే అది అందమే. కడుపులోకి పోతే అది నెత్తురులో కలుస్తుంది, ఇదిగో, ఈ బిళ్ళల్ని పట్టుకుంటుంది. వీటిలో ఇనుము ఉంటుంది. మనం పీల్చిన గాలిని ఒళ్ళంతా మోసేది అదే. ఆ ఇనుముకి ఇది తుప్పు పట్టిస్తుందనుకోండి. బిళ్ళ లోపల సరుకు ముద్దకట్టి ఆ చుక్కలా అంటుకుంటుంది. ఆ బిళ్ళ పెళుసుబారి పగిలిపోతుంది. అందులోని ఎరుపంతా మూత్రంలోకి దిగుతుంది. మీరు చూసిన నల్లనీళ్ళు అవే. అవి మూత్రపిండాలకి అడ్డం పడతాయి కూడా. నెత్తురు ఒక్కటే కాదు, జీవమున్న దేన్నైనా ఆ పదార్థం ఎక్కువైతే కాలుస్తుంది."

పుణ్యవతి అద్దం మీంచి కన్ను తీసింది.

"మరి అందరికీ అవ్వాల గదా బాబూ? ఎంత మందికి ఇచ్చేను!"

"అందరి నెత్తురూ ఒక్కలా ఉండదమ్మా. ఎక్కువమందికి ఆ తుప్పుని ఎప్పటికప్పుడు వదిలించుకునే బలం ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే ఉండదు. ఎందుకుండదో మాకూ ఇంకా తెలియదు. మొహం చూసి చెప్పలేం."

"ఆళ్ళకి పత్తెం తప్పితేనే గదా...?"

"పథ్యానికీ దీనికీ సంబంధం లేదు."

"మరి తగ్గినోళ్ళు?" అని అడిగింది పుణ్యవతి. ఆ ప్రశ్నలో ఇంకా కాస్త ఆశ ఉంది.

చెప్పక తప్పదన్నట్టు డాక్టరు నెమ్మదిగా అన్నాడు. "కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయమ్మా. కాస్త విశ్రాంతి, తేలిక తిండి ఉంటే చాలు. ఏ మందూ ఇవ్వకపోయినా తగ్గేవి."

అంటే పోయినవాళ్ళు ఆమె వల్ల పోయి ఉండొచ్చు, బతికినవాళ్ళు మాత్రం ఆమె వల్ల బతకలేదు. ఇంటికి వచ్చిన గుమ్మడికాయలు, కోకలు, ముందు వరస పీటలు, అన్నీ ఒక్కసారిగా దొంగసొత్తులా తోచాయి.

ఆమె మొహం చూసి డాక్టరు ఇంకో మాట చెప్పాడు. మలేరియాకి కొత్తగా ఒక మాత్ర వచ్చిందట. కొండల్లో రోడ్డు పనికి వెళ్ళిన ఒక కూలీకి తనే ఇచ్చాడట. అతనికీ ఇలాగే నల్లనీళ్ళు పడ్డాయి. ఆ మాత్ర ఒంట్లో ఇలాంటి పదార్థంగానే మారుతుందేమోనని కొందరు అనుకుంటున్నారట. "ఆ మనిషి బతకలేదు. ఆ మాత్ర ఇవ్వడం అప్పుడే మానేశాను. నేను మిమ్మల్ని అనగలిగినవాణ్ణి కాను," అన్నాడు. ఆ మాట ఆమెకి ఓదార్పు కాలేదు. ఆయన తెలిసిన వెంటనే మానేశాడు. తనకి ఒకరు కాళ్ళ మీద పడి చెప్పినా వినలేదు.

"చిన్న గుంటడికి ఇస్తే బాబూ? ఐదారేళ్ళోడికి?"

"ప్రాణం ఇంకా తొందరగా పోతుంది," అన్నాడాయన.

ఆ గుంటడి పేరు కాసులు. పుణ్యవతి చెల్లెలు తవిటమ్మ కొడుకు. తవిటమ్మని గోపాల్‌పూర్‌లో కిరాణా కొట్టు పెట్టుకున్న పైడయ్యకి ఇచ్చారు. కొత్త రాష్ట్రం రాకముందు మాట. కాసులికి కళ్ళు పచ్చబడితే పుణ్యవతే ఆకు పట్టుకుని పరుగెత్తింది. తన చేత్తోనే వాడి ముక్కు మూసి తాగించింది. మూడో పూటకి వాడు పోయాడు. ఇంటి ముందు అరుగు మీద, వీధి వీధంతా నిలబడి చూస్తుండగా తవిటమ్మ అక్క కాళ్ళ మీద పడి ఏడ్చింది. "అప్పా, నేనేటీ పెట్టలేదే! నువ్వైనా నమ్మవే!" అంది. పుణ్యవతి నమ్మలేదు. "నా మందు తప్పదు. పత్తెం తప్పింది," అంది. గట్టిగానే అంది. ఆమెది పెద్ద గొంతు.

కామాక్షి అన్న మాటలు, చెల్లెలు అన్న మాటలు ఒకటే. ఆమె చెవులు మాత్రం రెండుసార్లూ ఒకేలా మూసుకుపోయాయి.

శ్యామసుందర్ బతికాడు. డాక్టరు సోడా ఉప్పు నీళ్ళు తాగించి, నరంలోకి సెలైన్ ఎక్కించి, కదలకుండా పడుకోబెట్టాడు. మూత్రం తేటపడింది. పెదాలకి రంగు రావడానికి ఇంకా చాన్నాళ్ళు పట్టింది. పుణ్యవతి గండం గడిచేదాకా ఆస్పత్రి వరండాలోనే కూర్చుంది. ధర్మలింగం ఆమెని ఒక్క మాటా అనలేదు. పిలిచినప్పుడు పంపిన బండిలోనే తిరిగి పంపించాడు. బొట్టు పెట్టించి జాకెట్టు గుడ్డ ఇప్పించాడు. తిట్టి పంపితే బాగుండునని ఆమెకి అనిపించింది.

కామాక్షి మాత్రం బండి దాకా వచ్చి, "నా కొడుకు బతికేడు, నాకదే సాలు. నువ్వు తెలిసి సెయ్యలేదు. కాని నామీద అన్న మాట మర్చిపోడానికి నావల్ల కాదు పుణ్యవతమ్మా," అంది.

ఇంటికి వచ్చాక పుణ్యవతి మందు మానేసింది. వైకుంఠరావుకి అర్థం కాలేదు. "ఆస్పత్రోళ్ళు అలగే అంటారే. మన మందు మీద ఆళ్ళకి కడుపుమంట. ఎంత మంది బతకలేదు!" అన్నాడు.

"ఆళ్ళు నావల్ల బతకలేదయ్యా."

"మరెవల వల్ల బతికేరు?"

జనం వస్తూనే ఉన్నారు. మందు లేదంటే నమ్మేవారు కాదు, ఏదో తప్పు చేశామని కాళ్ళు పట్టుకునేవారు. ఒక ముసలాయన ఎప్పుడో తగ్గినందుకు, ఈ ఏడు కాపు బాగుందని బీరకాయలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. వద్దంటే నొచ్చుకున్నాడు. ఆయన వెళ్ళాక ఆ బీరకాయలు ఆమె వండలేదు, పారెయ్యనూ లేదు. అవి మూల వాడిపోయాయి. ఒకరోజు పక్కింటి బాలింత పసిపిల్లకి దిష్టి తగలకుండా అరికాళ్ళకి గోరింటాకు పెడుతుంటే, పుణ్యవతి పరుగెత్తి వెళ్ళి తడిగుడ్డతో తుడిచేసింది. పసివాళ్ళ చర్మం పల్చన, దాంట్లోంచి కూడా లోపలికి దిగుతుందని డాక్టరు చెప్పాడు. బాలింత బిత్తరపోయింది. "పెద్దయ్యాక పెట్టుకోనీ తల్లీ. ఇప్పుడొద్దు," అని మాత్రం చెప్పి వచ్చేసింది. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకో చెబితే మిగతాది కూడా చెప్పాలి.

కోతలయ్యాక ఆమె గోపాల్‌పూర్ వెళ్ళింది. బరంపురం దాకా బండి, అక్కణ్ణుంచి బొగ్గుతో నడిచే బస్సు. తవిటమ్మ ఇల్లు సముద్రానికి దగ్గర్లో ఉంది. ఉమ్మడి కుటుంబం. పైడయ్య తమ్ముడు, మరదలు, వాళ్ళ పిల్లలు, అందరి మీదా అత్తగారు జగ్గమ్మ. తవిటమ్మకి కాసులు తరవాత మళ్ళీ పిల్లలు కలగలేదు.

జగ్గమ్మ ఎదురొచ్చి మర్యాద చేసింది. "రా పుణ్యవతమ్మా, రా. నీలాటి మంచి సెయ్యి మా ఇంట తిరగడం మా అదృష్టం," అంది. తవిటమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చి, "బాగున్నావా అప్పా?" అని వంటింట్లోకి పోయింది. ఆ పలకరింపులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆప్యాయతా లేదు.

మధ్యాహ్నం మరిది కూతురు పరుగెత్తుకుంటూ వచ్చి, "పెద్దమ్మా, ఆకలి," అంది. తవిటమ్మ కుండ పక్కనే ఉంది. అన్నం చెయ్యందే దూరంలో ఉంది. ఆమె మాత్రం ముట్టకుండా, "అత్తా! గుంటకి అన్నమెట్టాల," అని కేకేసింది. జగ్గమ్మ అరుగు మీంచి లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ లోపలికి వచ్చి పెట్టింది. పుణ్యవతి చూస్తోందని గమనించి, గొప్పగా చెప్పింది. "అప్పట్నుంచీ ఈ ఇంట పిల్లలకి దాని సేతి ముద్ద లేదమ్మా. పత్తెం నిలపలేని సెయ్యి. నువ్వే సెప్పేవు గదా ఆ రోజు."

తవిటమ్మ పొయ్యిలో పుల్ల ముందుకి తోసింది. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. అలవాటైపోయిన మొహం అది.

పుణ్యవతి అప్పుడే చెప్పేద్దామనుకుంది. జగ్గమ్మ ఎదురుగా కూర్చుని చేప ముక్క వడ్డిస్తూ, "తిను తల్లీ, తిను," అంటోంది. ఆ మర్యాద ముందు చెప్పలేక, పెట్టింది తిని లేచింది. ఆ సాయంత్రమే బస్సెక్కి తిరిగి వచ్చేసింది. దారంతా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బొగ్గు పొగకని పక్కవాళ్ళు అనుకున్నారు. తెలియక చేసిన దానికి పడిన సిగ్గు ఒక ఎత్తు. తెలిసి కూడా ఆ ఇంట్లో భోంచేసి చెయ్యి కడుక్కుని వచ్చేసిన సిగ్గు ఇంకో ఎత్తు. రెండోది ఆమెని పడుకోనివ్వలేదు.

మళ్ళీ పండగలేవీ చూసుకోకుండా, మనిషి వెంట లేకుండా, ఒక్కతే వెళ్ళింది. ఇంట్లోకి వెళ్ళకుండా తవిటమ్మ నీళ్ళకి వచ్చే నూతి దగ్గర నిలబడింది. చెల్లెలు కడవ దించగానే అంతా చెప్పేసింది. ఆకు సంగతి, డాక్టరు చూపించిన బిళ్ళలు, తుప్పు, పగిలిపోవడం, నల్లనీళ్ళు. చెప్తూ చెప్తూ, "కాసుల్ని నేనే సంపీసినానే. నువ్వు కాదే," అని కూలబడింది.

తవిటమ్మ కడవ నింపుకుంది. చేంతాడు చుట్టి నూతి గట్టు మీద పెట్టింది. అప్పుడు అక్కవైపు చూసింది.

"ఇది నాకెందుకు సెప్తన్నావు అప్పా? నేనేటీ పెట్టలేదని నాకు తెల్దా? నాకు తెలిసిందే నాకు సెప్పడానికి ఇంత దూరం వొచ్చేవా?"

"తవిటీ..."

"ఆ రోజు నూతికాడ సెప్పలేదు నువ్వు. అరుగు మీద నిలబడి సెప్పేవు. ఈధోళ్ళందరూ ఇన్నారు. మా అత్త ఇంది, నా మొగుడు ఇన్నాడు. ఆడు అప్పట్నుంచీ నా మొహం సరిగ్గా సూసి ఎరగడు. ఆళ్ళకి సెప్పు."

"ఏ మొహం పెట్టుకుని సెప్పనే?"

"నేను ఏ మొహం పెట్టుకుని ఈ ఇంట అన్నం తింటన్నానో, ఆ మొహం పెట్టుకుని సెప్పు," అని తవిటమ్మ కడవ నడుం మీద పెట్టుకుని ముందు నడిచింది. పుణ్యవతి వెనక నడిచింది.

పొద్దు వాలుతోంది. పైడయ్య కొట్టు ముందు నలుగురు బేరానికి నిలబడి ఉన్నారు. సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే పల్లెవాళ్ళు, పక్కింటి ఒడియా ముసలమ్మ, ఎదురింటివాళ్ళు. జగ్గమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. పుణ్యవతి అరుగు ఎక్కలేదు. కింద మట్టిలో నిలబడి, జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో మొదలుపెట్టింది. "వినబళ్ళేదమ్మా," అన్నాడు పైడయ్య. అప్పుడు గొంతు పెంచింది.

"కాసులు మా సెల్లి పెట్టిన కూడువల్ల పోలేదు. నేనిచ్చిన పసరువల్ల పోయేడు. ఆకు రంగు ఆడి నెత్తుర్ని ఇరిసీసింది. బరంపురం డాక్టరు నాకు అద్దంలో సూపించేడు. మా సెల్లి పత్తెం తప్పలేదు. నేను తప్పు మాటన్నాను. ఇదే అరుగు మీద అన్నాను."

చేట ఆగింది. ఒడియా ముసలమ్మకి ఒకావిడ మెల్లగా ఒడియాలో చెప్పింది. ఆమె "హే ప్రభూ!" అని చెంపకి చెయ్యి ఆనించుకుంది.

జగ్గమ్మకి కోపం వచ్చింది. "ఏటమ్మా ఇన్నాళ్ళకి? సెల్లి మీద జాలేసి అబద్దమాడతన్నావు. ఊళ్ళో అంతమంది నీ మందుకి బతకలేదా? నా మనవడికే ఇసమైందా?"

"కొందరి నెత్తురు తట్టుకోలేదంట అత్తా. మొహం సూసి తెల్దంట."

"అంతా కట్టుకథ!" అంది జగ్గమ్మ. గొంతు వణికింది. ఇన్నేళ్ళూ కోడలి చేతిలోంచి లాక్కున్న ప్రతి ముద్దా ఆమెకి ఆ క్షణంలో కనిపించి ఉంటుంది. పుణ్యవతికి ఆ వణుకు అర్థమైంది. అందుకే వాదించలేదు. అదే మాట మళ్ళీ ఒకసారి, మొదటినుంచీ చివరిదాకా చెప్పింది.

పైడయ్య తూకం రాళ్ళు తక్కెట్లో వదిలేసి లేచాడు. వదినవైపు గాని తల్లివైపు గాని చూడలేదు. ఇంట్లోకి వెళ్ళాడు. తవిటమ్మ కడవ దించుతోంది. గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆమెనే చూశాడు. ఏమన్నాడో వీధిలోకి వినిపించలేదు. తవిటమ్మ ఏడవడం మాత్రం వినిపించింది. కొడుకు పోయిన రోజు తరవాత ఆ ఇంట్లో ఆమె గొంతెత్తి ఏడవడం అదే మొదటిసారి.

జగ్గమ్మ తన మాట వెనక్కి తీసుకున్నానని ఎప్పుడూ అనలేదు. మర్నాటినుంచి మోకాళ్ళ నొప్పులని చెప్పి వంటింట్లోకి రావడం మానేసింది. పిల్లల సంగతి తవిటమ్మే చూసుకుంది.

ఆ సాయంత్రం తవిటమ్మ అక్కని బస్సు దాకా దిగబెట్టింది. ఇద్దరూ పక్కపక్కన నడిచారు. డ్రైవరు బొగ్గుల కుంపటి రాజేస్తుంటే, తవిటమ్మ అంది. "రావద్దని అనను అప్పా. కాని నిన్ను సూస్తే ఆడి ముక్కు మూసిన నీ సెయ్యే అవుపిస్తాది. కొన్నాళ్ళు రాకు. నేను కబురెడతాను."

"సరే," అంది పుణ్యవతి.

పాత్రపూర్ వైపు ఊళ్ళలో ఆ మాట పాకింది. కొందరు ఛీ అన్నారు. ఒకప్పుడు కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లి వచ్చి ఆమె వాకిట్లో మట్టి పోసి వెళ్ళింది. పుణ్యవతి తలుపు వేసుకోలేదు, ఆ మట్టి తనే ఊడ్చుకుంది. పెళ్ళిళ్ళకి పిలుపులు తగ్గాయి. పిలిచినచోట వెనక వరసలో కూర్చునేది. కళ్ళు పచ్చబడినవాళ్ళు ఇంకా వస్తే బండి కట్టించి బరంపురం పంపేది, తోడు లేనివాళ్ళకి తనే తోడు వెళ్ళేది. డాక్టరు వెంకటరమణమూర్తి కనిపించి చెయ్యెత్తి నమస్కరిస్తే, ఆ నమస్కారం తీసుకోలేక స్తంభం చాటుకి జరిగేది.

ఏడు తిరిగింది. గోపాల్‌పూర్ నుంచి కబురు లేదు. ఇంకో వానాకాలం కూడా గడిచింది. వైకుంఠరావు, "ఎల్లి సూసిరాకూడదా? నీ తోడబుట్టిందే గదా," అంటే, "పిలవలేదు," అనేది.

ఎండు చేపలమ్మే ఒకావిడ సంతకి వచ్చి, గంప దించి, పుణ్యవతి ఇల్లెక్కడని అడిగింది. "పైడయ్య కొట్టు తవిటమ్మ సెప్పమంది. కార్తీకంలో ఒకపాలి రమ్మంది. మరేటీ సెప్పలేదు," అంది.

పుణ్యవతి ఆమెకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. ఎలా ఉంది, ఏమంది, ఎలా అంది అని అడగాలనుకుని, ఏదీ అడగలేక, "కార్తీకమనే అందా?" అని మాత్రం అడిగింది.

"కార్తీకమనే అంది."

కార్తీకం ఇంకా రాలేదు. ఆశ్వయుజం వెన్నెల మొదలైంది. కార్తీకం రాగానే ఆమె వెళ్ళింది. చేతిలో ఏమీ పట్టుకెళ్ళలేదు. ఏం పట్టుకెళ్ళాలో ఆమెకి తోచలేదు.